నాలుగో పెట్టె

టప్పుమని శబ్దం వచ్చి వెనకగది చీకటైపోయింది. పట్టపగలు పదకొండు గంటలే గానీ ఆ గదికి కిటికీ లేదు. టంకమ్మ కుర్చీలోంచి లేవకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. చీకట్లో బల్ల మీద చేతులు ఆడించకూడదని ఆమెకు పని నేర్పినాయన మొదటిరోజే చెప్పాడు.

ముందుగదిలోంచి బావ కేకేశాడు. "ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు బావా. పెట్టె వెనకాల వైరు గుచ్చానంతే."

బావ వచ్చి తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చు పైకి నెట్టాడు. లైటు వెలిగింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని ఒకసారి బల్లవైపు చూసి, కౌంటరు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

టంకమ్మ అసలు పేరు వేరే ఉంది. ఇరవై ఏళ్లుగా టంకం పొగలో బతికే మనిషి గనక వీధిలో అందరూ అలా పిలుస్తారు. షాపు అక్క మొగుడిది. పాటల పెట్టెలు బాగుచెయ్యడం వాళ్ల పని. ఈమధ్య కొత్త గిరాకీ ఒకటి తగిలింది. ముప్పై ఏళ్ల కిందటి డిస్క్ ప్లేయర్లను జనం చెత్తలో పారేస్తున్నారు. డిస్కును చదివే కన్ను పోతే మళ్లీ దొరకదు. కానీ కన్ను పోతే గొంతు కూడా పోవాలని లేదు. అంకెల రూపంలో వచ్చే పాటను ధ్వనిగా మార్చే చిప్పు లోపల బంగారంలా ఉంటుంది. అంత శ్రద్ధగా ఇప్పుడెవరూ చెయ్యడంలేదు కూడా. టంకమ్మ డిస్కు పెట్టే ట్రేనూ, మోటారునీ ఊడదీసి, ఆ ఖాళీలో అగ్గిపెట్టెంత బోర్డు బిగిస్తుంది. దాన్నుంచి వెంట్రుకల్లాంటి తీగలు మూడింటిని తీసి చిప్పు కాళ్లకు అతుకుతుంది. ఇక ఫోనులోని పాటైనా, కంప్యూటరులోని పాటైనా ఆ పాత చిప్పు గుండానే బయటికి వస్తుంది. విన్నవాళ్లు ఒక్క క్షణం మాట్లాడరు. ఆ ఒక్క క్షణం కోసమే ఆమె ఈ పని చేస్తుంది.

ఆఖరున పాత కరెంటు వైరు కోసేసి, దాని చోట మూడు పిన్నుల సాకెట్టు బిగించాలి. ఇప్పుడు ఆ సాకెట్టుకు వైరు గుచ్చగానే మెయిన్ స్విచ్చు పడిపోయింది.

ఆమె మరలు విప్పి దాన్ని బయటికి లాగి భూతద్దం కింద పెట్టింది. టంకం వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడింది. వైరు గుచ్చినప్పుడల్లా కరెంటు వచ్చే పిన్ను కాలు కాస్త కాస్త పక్కకు ఒరిగి, సాకెట్టు చెవిలాంటి ఇనపరేకును తాకింది. ఆ చెవి పెట్టెకు బిగించి ఉంది. పెట్టె మొత్తం ఇనుమే.

షాపులో ఎర్త్ ఉంది కాబట్టి స్విచ్చు పడిపోయింది. ఎర్త్ లేని ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. పెట్టె హాయిగా పాడుతూనే ఉంటుంది. చెయ్యి వేసిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

టంకమ్మ సొరుగు లాగి సాకెట్ల సంచీ తీసింది. ఇలాంటివే. ఈ సంచీలోంచే నాలుగు పెట్టెలకు బిగించింది. ఆ నాలుగూ జనం ఇళ్లకు వెళ్లిపోయాయి.

కౌంటరు ఖాళీ అయ్యాక బావకు సాకెట్టు చూపించింది. ఆయన దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"నాలుగింటినీ వెనక్కి తెప్పిద్దాం బావా. ఇవాళే ఫోన్లు చేద్దాం."

"ఎవరైనా వచ్చి ఏమైనా అన్నారా?"

"అనేదాకా ఆగుతామా? ముట్టుకున్న మనిషి అనడానికి ఉండాలిగా!"

"అరవకు." ఆయన సాకెట్టు తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "తేనెతుట్టెను కదిపితే కుట్టేది మనల్నే. ఒక్కడికి ఫోన్ చేశామంటే ఊరంతా పాకుతుంది. షాపు మూసుకోవాలి."

"కరెంటు లీకు చూసే మీటరు రిపేరునుంచి వచ్చేదాకా ఆపుదామని నేను మొత్తుకున్నాను. నువ్వే పంపించేశావు."

బావ గొంతు తగ్గించాడు. అంత మెల్లగా మాట్లాడితే ఆయన కోపంగా ఉన్నట్టు. "టంకం వేసిందెవరు? తనిఖీ కాగితాల మీద సంతకాలు ఎవరివి? రేపు ఏదైనా అయితే ముందు ఎవర్ని పిలుస్తారో ఆలోచించుకో. నీ మంచికే చెబుతున్నాను."

సంతకాలు ఆమెవే. రెండు వారాల కిందట, పని మధ్యలో, నాలుగు కాగితాలు ముందు పెట్టి గ్యారంటీ కోసమన్నాడు. కాలుతున్న టంకం ఐరన్ స్టాండులో పెట్టి, చదవకుండానే గీకేసింది. సొంత బావ. చదవాలని తోచలేదు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అంబులెన్సు ఒకటి పక్కనుంచి పోయింది. అది ఏ వీధిలోకి తిరుగుతుందో చూస్తూ టంకమ్మ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వెనకాల బండివాడు హారన్ మోగించి తిట్టాడు.

*

మర్నాడు వంట్లో బాలేదని షాపుకు చెప్పి, వేరే కొట్టులో మంచి సాకెట్లు కొనుక్కుని బయల్దేరింది. షాపు పుస్తకంలోని నాలుగు చిరునామాలు ముందురోజే చేతిమీద రాసుకుంది. చెమటకు చెరిగిపోతాయేమోనని మళ్లీ కాగితం మీద ఎక్కించుకుంది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వెళ్లింది. ఉచిత సర్వీసు. కొన్నవాళ్లందరికీ చేస్తున్నాం. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి అబద్ధానికి కాళ్లూ చేతులూ ఎక్కువ పెడుతుంది. మొదటి చిరునామాలోని కళ్లజోళ్ల షాపాయనకు ఉచిత సర్వీసు గురించి ఎంత వివరంగా చెప్పిందంటే, ఆయన అనుమానంగా చూశాడు.

"మరి ఏడాదికి ఎన్నిసార్లు చేస్తారు?"

"ఈ ఒక్కసారేనండీ."

పెట్టె కౌంటరు కింద ఉంది. వైరు లాగేసి మూత విప్పింది. కరెంటు కాలు ఒరిగింది గానీ ఇంకా తాకలేదు. మధ్యలో గోరు దూరేంత సందుంది. పాతది పీకి కొత్తది బిగించి, కాలికి రబ్బరు గొట్టం తొడిగింది.

రెండోది పాటల టీచరు ఇల్లు. గుమ్మంలో అడుగుపెట్టగానే ముక్కుకు తెలిసిపోయింది. కాలిన ప్లాస్టిక్ వాసన.

"మంచి టైముకు వచ్చావమ్మా," అంది టీచరు. "ఇది వచ్చినప్పటినుంచీ ఇంట్లో ఫ్యూజు పోతోంది. రెండుసార్లు పోయింది. మూడోసారి మా ఆయన విసుక్కుని లావు తీగ చుట్టాడు. అప్పట్నుంచి పోలేదు."

"పోలేదా?" అంది టంకమ్మ. ఆ మాట ఆమె చెవికే ఎవరో అన్నట్టు వినిపించింది.

పెట్టె వెనకభాగం గోడకు ఆనుకుని ఉంది. జరిపి చూస్తే గోడ సున్నం మీద అరచేతంత నల్లటి మచ్చ. పైన కిటికీ తెర వేలాడుతోంది. లోపల సాకెట్టు సగం బొగ్గయింది. పిల్లలు నలుగురు పక్కగదిలో సరిగమలు సాధన చేస్తున్నారు. ఒక గొంతు శ్రుతి తప్పితే టీచరు ఇక్కణ్ణుంచే, "పైకి, పైకి!" అని అరిచింది.

టంకమ్మ ఆ పెట్టెను బాగుచేసి, ఫ్యూజులోని లావు తీగ తీసేసి సన్నది వేసింది. చేతికి మసి అంటింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. 'అమ్మా, ఇది నా చేతి తప్పు, మీ ఇల్లు తగలబడేది' అని అనాలి. టీచరు మంచినీళ్ల గ్లాసు అందిస్తూ, "మీలాంటి వాళ్లు ఎక్కడున్నారమ్మా ఈ రోజుల్లో! పిలవకుండానే వచ్చి చేశారు," అంది. టంకమ్మ నీళ్లు తాగేసి వచ్చేసింది. ఆ పొగడ్త వీధి చివరిదాకా వీపు మీద చెయ్యేసి నడిచొచ్చినట్టుంది.

పొద్దుపోకముందే అక్క ఫోను చేసింది.

"మీ బావ నిన్నట్నుంచి సరిగ్గా భోజనం చెయ్యడంలేదే. అడిగితే కసురుతున్నాడు. మీ ఇద్దరికీ ఏమైంది?"

"ఏం లేదక్కా."

"నాకు అబద్ధాలు చెప్పకు. చూడు, ఆయనతో పంతాలకు పోకు. ఆ షాపు లేకపోతే మేం వీధిన పడతాం. నువ్వు మాత్రం ఎక్కడికి పోతావు?"

టంకమ్మ ఫోను పెట్టేసింది. బొగ్గయిన సాకెట్టు గుడ్డలో చుట్టి సంచీ అడుగున పెట్టుకుంది.

*

ఆ మర్నాడు మూడో పెట్టె దగ్గరికి వెళ్లింది, అది ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. ఆయన తలుపు తీశాడుగానీ దారి ఇవ్వలేదు.

"ఉచితమా? ఉచితంగా విప్పినవాడు డబ్బుకు బిగిస్తాడు. నలభై ఏళ్లు బస్సు నడిపాను, నాకు తెలుసు. నడిచే బండి బోల్టు ముట్టుకోకూడదు."

"లోపల ఒక వైరు చూడాలండి, తాతగారూ. పది నిమిషాలు."

"తాతనా? జుట్టు చూసి అంటున్నావా?" అని ఆయన పక్కకు తప్పుకున్నాడు. "సరే, ఒక షరతు. ముందు పాట విను. విని ఏ వైరు బాలేదో చెప్పు."

ఆయన చెప్పులు లేకుండా గచ్చు మీద నడిచి పెట్టె దగ్గరికి వెళ్తున్నాడు. చేయి చాచాడు.

"ఆగండి!"

డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కినట్టు కుడికాలు నేలకు తన్నాడు. "ఏమైంది?"

"నేను... నేను వేస్తాను."

రబ్బరు పిడి ఉన్న స్క్రూడ్రైవరు మొనతో మీట నొక్కింది. ఆయన వింతగా చూశాడు గానీ పాట మొదలవగానే మరిచిపోయాడు. పాట పూర్తయ్యేదాకా కదలనివ్వలేదు. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోందన్నాడు. ఇదే పాట బస్సులో వేలసార్లు విన్నాడట, ఆ ఊపిరి మాత్రం ఎప్పుడూ వినలేదట. "ఈ వయసులో నాకు చెవులు ఇచ్చావమ్మా," అన్నాడు. టంకమ్మ కళ్లు పెట్టె మీద, ఆయన పాదాల మీద తప్ప మరెక్కడా నిలవలేదు. మూత విప్పాక చూస్తే కాలు నిటారుగా ఉంది. అయినా మార్చేసింది.

ఇక ఒక్కటే మిగిలింది. కాగితం మీద ఉన్నది రంగుల షాపు చిరునామా. అక్కడి మనిషి డబ్బా మూత కొడుతూ తలెత్తకుండానే అన్నాడు.

"అది నేను కొన్నది నాకోసం కాదు. మా అక్కకు ఇచ్చాను."

"ఇంట్లో ఉందా అండీ?"

"ఇంట్లో ఎందుకు? పగలంతా పని దగ్గరే ఉంటుందిగా. లాండ్రీలో పెట్టుకుంది."

"లాండ్రీ..." అంది టంకమ్మ.

"ఆఁ, ఈ వీధి చివర కుడిపక్క. నీళ్లు బయటికి పారుతుంటాయి, కనబడుతుంది. ఏమ్మా, కూర్చుంటావా? మొహం అలా పాలిపోయిందేం?"

ఆమె అప్పటికే మెట్లు దిగింది. మొదట గబగబా నడిచింది, తర్వాత పరుగెత్తింది. సంచీలో పనిముట్లు గలగలమంటున్నాయి. నలభై నాలుగేళ్ల ఆడమనిషి నడివీధిలో పరుగెత్తుతుంటే జనం తిరిగి చూస్తారని కూడా తోచలేదు. నీళ్లు. తడి చేతులు. తడి కాళ్లు. దేవుడా, ఇవాళొక్కరోజు, ఈ ఒక్క గంట.

*

లాండ్రీ గుమ్మంలోంచి సన్నటి ధారగా సబ్బునీళ్లు వీధిలోకి పారుతున్నాయి. లోపల ఆవిరి. రెండు పెద్ద యంత్రాలు తిరుగుతున్నాయి. యాభై దాటిన ఆవిడ చేతులు మోచేతులదాకా తడిసి, తొట్టిలోంచి దుప్పటి పిండుతోంది. వెనక అల్మరా మీద పెట్టె పాడుతోంది. దాని ముందు అట్టముక్క నిలబెట్టి ఉంది. మీద లావు అక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని రాసి ఉంది.

టంకమ్మ గుమ్మం పట్టుకుని రొప్పుతూ నిలబడింది.

"ఏం కావాలమ్మా?" అంది లాండ్రీ ఆవిడ.

"ఆ పెట్టె... ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటాను? అది కరుస్తుంది." ఆవిడ చెక్క హ్యాంగరు తీసి, ఇనప కొక్కెం ముట్టుకోకుండా, చెక్క చివరతో మీట నొక్కింది. పాట ఆగిపోయింది. "ఇదిగో, ఇలా వాడుతున్నాను. మొదటిరోజే ఈడ్చి కొట్టింది. ఈ చెయ్యి పొద్దుకూకేదాకా మొద్దుబారిపోయింది. ఆవేళ కాళ్లకు రబ్బరు బూట్లున్నాయి కాబట్టి సరిపోయింది."

"మరి... ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పకేం? ఆ రోజే మీ షాపుకు వచ్చాను. మీ షాపేగా? ఆ సంచీ మీద పేరుందే. పొడుగ్గా ఉంటాడు, కళ్లజోడు నెత్తికి ఎక్కించుకుని, ఆయనతో చెప్పాను. తడి చేతులతో ముట్టుకుంటే ఏదైనా కొడుతుందమ్మా, గ్లౌజులు వేసుకో, ఏం కాదు అన్నాడు. చూసి పెడతాను తీసుకురా అని కూడా అనలేదు."

"ఎన్నాళ్లయింది?"

"రెండు వారాలు దాటింది. మంగళవారం. మంగళవారాలు హోటలువాళ్ల దుప్పట్లు వస్తాయి, అవి వదిలేసి వచ్చాను, అందుకే గుర్తు."

టంకమ్మ సంచీ కింద పెట్టింది. బుధవారం. బావ కాగితాలు ముందు పెట్టింది బుధవారం మధ్యాహ్నం. అంటే మంగళవారం ఈవిడ వచ్చి వెళ్లింది. ఆ మర్నాడే సంతకాలు. ముందురోజు విని, రాత్రంతా ఆలోచించి, తెల్లారి కాగితాలు రాసుకొచ్చాడు. మొన్న సాకెట్టును వెలుగులో పెట్టి తిప్పి చూసినప్పుడు ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది.

అంతలో ఫోను మోగింది. బావ.

"వంట్లో బాలేదన్నావు. ఇంటికి వస్తే తాళం ఉంది. ఎక్కడున్నావ్?"

"లాండ్రీలో."

యంత్రం ఒకటి తిరగడం ఆగి, నీళ్లు గొట్టంలోకి బుడబుడా దిగిపోయాయి.

"ఆవిడేమన్నా అందా?" అన్నాడు బావ.

"ఏ ఆవిడ, బావా?"

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"పుస్తకంలో రంగుల షాపు అని ఉంది. మగమనిషి పేరే ఉంది. ఏ ఆవిడ?"

"చూడు, మనం కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు ఆయన. ఇరవై ఏళ్లలో ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "మీ అక్కను తలచుకో. తొందరపడకు. నేను వస్తున్నాను, అక్కడే ఉండు, ఈలోగా ఆవిడతో ఏమీ..."

ఆమె ఫోను ఆపేసి సంచీలో వేసింది. మూడు రోజులుగా పట్టుకున్న భయం పోలేదు. అక్క ఇల్లు, తన తిండి, అన్నీ కళ్ల ముందున్నాయి. కానీ ఆ భయంలో బావ మాటకు చోటు లేదు. అది ఊడి పడిపోయింది.

"ఆ సాకెట్టు బిగించింది నేనండీ," అంది. "వేడికి లోపల కరిగి పెట్టెకు కరెంటు తగిలింది. పంపేముందు మీటరు పెట్టి చూడాలి, చూడలేదు. నాకు మొన్ననే తెలిసింది. ఆయనకు మీరు చెప్పినప్పుడే తెలుసు. మిగతా ముగ్గురి పెట్టెలు మార్చాను గానీ వాళ్లకు నిజం చెప్పలేదు. ఇవాళ వెళ్లి చెబుతాను. మీకు ఇప్పుడే కాగితం మీద రాసిస్తాను. మీరు ఎవరికి చూపించుకున్నా సరే."

లాండ్రీ ఆవిడ చేతులు తుడుచుకోలేదు. ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"ముందు బాగుచెయ్యి."

టంకమ్మ గోడ దగ్గర వైరు లాగేసి, పెట్టెను బల్ల మీదకు తెచ్చి విప్పింది. కరెంటు కాలు ఇనపచెవిని అంటుకుని పడుకుని ఉంది. టంకం ఐరన్ వేడెక్కేలోగా రెండుసార్లు మర జారి కింద పడింది. మూడోసారి పడిన మర వెతికి ఇచ్చింది లాండ్రీ ఆవిడే. కొత్త సాకెట్టు, ఒక్కో కాలికీ రబ్బరు గొట్టం, ఎర్త్ తీగకు వేరే మర. తర్వాత గోడలోని ప్లగ్గుపాయింటు విప్పి చూసింది. ఎర్త్ పిన్నుకు వెనకాల తీగే లేదు. దాన్నీ కడుతూ కూర్చుంది. పని అయ్యేసరికి లాండ్రీ ఆవిడ దుప్పట్లు రెండు విడతలు ఉతికి ఆరేసింది.

వైరు గుచ్చింది. ఏ శబ్దమూ రాలేదు. హ్యాంగరుతో మీట నొక్కింది. పాట మొదలైంది.

"ఇక కరవదండీ."

"అలాగా," అంది లాండ్రీ ఆవిడ. అట్టముక్క తియ్యలేదు. "ఆయన కూడా అన్నాడు, ఏం కాదని. ముందు నువ్వు ముట్టుకో."

టంకమ్మ సంచీలోంచి టెస్టరు తీయబోయింది.

"దాంతో కాదు. చేత్తో. ఆ చెప్పులు కూడా విప్పు. నేనెలా నిలబడతానో అలా నిలబడు."

టంకమ్మ చెప్పులు విప్పింది. నేల మీది సబ్బునీళ్లు పాదాల మధ్యకు చల్లగా వచ్చి చేరాయి. తొట్టిలో చెయ్యి ముంచి తీసింది. తాను వేసిన ప్రతి అతుకూ కళ్లకు కట్టింది, ఒక్కటీ తప్పు లేదు. అయినా చెయ్యి పెట్టె దాకా వెళ్లి, జానెడు దూరంలో ఆగిపోయింది. నాలుగు చోట్ల ఇంతమంది, ఇన్నాళ్లు, ఏమీ తెలియకుండా ఇక్కడికే చెయ్యి చాచారు.

కళ్లు మూసుకోకుండా అరచెయ్యి పెట్టె మీద ఆనించింది.

ఇనుము చల్లగా ఉంది. లోపలి ట్రాన్స్‌ఫార్మరు సన్నగా జుమ్మంటూ చేతికి తగులుతోంది, అంతే. ఆమె ఊపిరి వదిలి చెయ్యి తీయబోయింది.

"ఇంకాసేపు ఉంచు," అంది లాండ్రీ ఆవిడ.

టంకమ్మ ఉంచింది.